పట్టభద్రతకు అర్థము

విశ్వవిద్యాలయములు ఏటేట స్నాతకోత్సవములు జరుపుచున్నవి. పట్టములు ప్రదానము చేయుచున్నవి. కేంద్ర విద్యాశాఖవారి అఖిలభారత సర్వేక్షణము ప్రకారము 2021-22 విద్యాసంవత్సరమున దేశములో ఉన్నతవిద్య చదువుచుండినవారు సుమారు 4 కోట్ల 33 లక్షలు. వారిలో నూటికి డెబ్బదియెనిమిదిమందికి పైగా మొదటి పట్టమునకు చదువువారే. ఇందరు పిల్లలు యౌవనములో మూడు నాలుగేండ్లు వెచ్చించి, తల్లిదండ్రులు పొలము కుదువబెట్టియో, కూలిడబ్బు కూడబెట్టియో ఫీజులు కట్టగా సంపాదించుకొను ఈ పట్టమనునది యేమి? అది ఉద్యోగమునకు టిక్కెట్టా? పేరుచివర తగిలించుకొను తోకయా? విద్యకు గుర్తా? ఈ ప్రశ్నకు తడుముకొనక జవాబు చెప్పగల విద్యార్థులు అరుదు. జవాబు చెప్పవలసిన బాధ్యతగల ఉపాధ్యాయులలో సయితము దానిని గూర్చి నిలిచి ఆలోచించినవారు తక్కువ.

మొదట మాటల సంగతి చూడవలెను. ఆంగ్లములోని 'డిగ్రీ' అను పదమునకు మెట్టు అని అర్థము. 'గ్రాడ్యుయేటు' అనగా మెట్టెక్కినవాడు. 'బాచిలర్' అను మాట మధ్యయుగపు లాటినులోని 'బకలారియస్' నుండి పుట్టినది; గురుస్థానమునకు ఇంకను చేరక క్రింది మెట్టున నున్నవానికి అది పేరు. ఐరోపాలోని ప్రాచీన విశ్వవిద్యాలయములు ఆనాటి వృత్తిసంఘముల మాదిరిగా నేర్పడినవి. వడ్రంగమో కమ్మరమో నేర్చుకొనువాడు కొన్నియేండ్లు గురువునొద్ద ఉండి, చేయి తిరిగిన పిదప తానుగా పని పట్టుకొనును. మరికొంతకాలమునకు తానే గురువగును. చదువులోను అదియే క్రమము. బాచిలరనగా ఇక తానుగా పని పట్టుకొనగలవాడు. మాస్టరనగా ఇతరులకు నేర్పగలవాడు.

తెలుగుమాట వేరొక భావమును కలిగించుచున్నది. పట్టమనగా నొసట కట్టు పట్టి. రాజులకు పట్టము కట్టుదురు. కనుక పట్టభద్రుడనగానే ఏదో ముగిసినది, ఏదో దక్కినది అనిపించును. దీనికంటె స్నాతకుడనునది అర్థవంతమైన మాట. గురుకులవాసము ముగించి సమావర్తనస్నానము చేసినవాడు స్నాతకుడు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో గురువు శిష్యుని సాగనంపుచు చేసిన హితబోధ కలదు. చదువుటయందును, చదివినదానిని ఇతరులకు చెప్పుటయందును ఏమరుపాటు కూడదనునది అందులో ముఖ్యమైన మాట. చదువు ముగిసిన దినముననే చదువు మానవలదని చెప్పుటలో గొప్ప వివేకమున్నది. ఐరోపావారి మెట్టును, ఉపనిషత్తు చెప్పిన స్నానమును ఒకే సంగతిని బోధించుచున్నవి: అది ఒక దశకు చివర, మరియొక దశకు మొదలు. పట్టమను మాట మాత్రమే ముగింపుగా వినబడును. లోకము ఆ మాటనే గట్టిగా పట్టుకొన్నది.

చట్టము దృష్టిలో పట్టమునకు గల అర్థము మిక్కిలి స్పష్టము. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు చట్టములోని 22వ సెక్షను ప్రకారము, పార్లమెంటు చట్టముచేతగాని రాష్ట్రచట్టముచేతగాని ఏర్పడిన విశ్వవిద్యాలయమో, దానితో సమానమని కేంద్రప్రభుత్వము గుర్తించిన సంస్థయో, పార్లమెంటు ప్రత్యేకముగా అధికారమిచ్చిన సంస్థయో తప్ప మరెవ్వరును పట్టములు ఇయ్యరాదు. 23వ సెక్షను ప్రకారము ఇతరులు విశ్వవిద్యాలయమను పేరే పెట్టుకొనరాదు. ఈ నిబంధనలను మీరినవారికి ఆ చట్టము విధించు జుల్మానా 1000 రూపాయలకు మించదు. కోట్లు గడించు మోసమునకు వేయిరూపాయల శిక్ష యెంతటి అడ్డంకియో వేరుగ చెప్పనక్కరలేదు. 2002లో ఛత్తీసుగఢ్ రాష్ట్రము ఒక చట్టము చేసి ప్రైవేటు విశ్వవిద్యాలయములకు తలుపులు బార్లా తెరువగా, స్వల్పకాలములోనే నూటికి పైగా సంస్థలు ఆ పేరుతో వెలసినవి. ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన వ్యాజ్యములో 2005లో సుప్రీముకోర్టు ఆ ఏర్పాటును కొట్టివేసినది. పట్టమునకు విలువ కాగితములో లేదు; దానినిచ్చు సంస్థకుగల అధికారమునందును, ఆ సంస్థలో నిజముగా జరుగు చదువునందును ఉన్నది. ఈ రెండింటిలో మొదటిదానిని చట్టము కాపాడగలదు. రెండవదానిని కాపాడవలసినవారు గురుశిష్యులే.

రాజ్యాంగము కూడ పట్టభద్రునకు ఒక ప్రత్యేకస్థాన మిచ్చినది. 171వ అధికరణము ప్రకారము విధానపరిషత్తుగల రాష్ట్రములలో సభ్యులలో పన్నెండవవంతు మందిని, మూడేండ్లకు తక్కువగాక పట్టభద్రులై యున్నవారు ఎన్నుకొందురు. మరియొక పన్నెండవవంతు మందిని ఉన్నతపాఠశాలలకు తక్కువకాని విద్యాలయములలో పనిచేయు ఉపాధ్యాయులు ఎన్నుకొందురు. ఆంధ్రప్రదేశములోను, తెలంగాణములోను ఈ ఎన్నికలు జరుగుచున్నవి. సామాన్యపౌరునకు లేని ఓటు ఒకటి పట్టభద్రునకు ఎందులకు దక్కవలెను? చదివినవాడు ఆలోచించును, మంచిచెడ్డలు తూచును, ఒకరి మాటలకు లొంగక తీర్పు చెప్పును అను నమ్మకమే అందులకు ఆధారము. చదువుకొన్నవారు కొద్దిమందిగా ఉన్న కాలమున పుట్టిన ఊహ యిది. ఇప్పుడు అవసరములేదని వాదించువారును కలరు. ఆ వాదము మాట యెట్లున్నను, రాజ్యాంగము ఉంచిన ఆ నమ్మకమునకు నేటి పట్టభద్రులు తగియున్నారా అనునది తప్పించుకొనరాని ప్రశ్న.

ఈ దేశమున నేటి రూపముగల పట్టము పుట్టిన తీరే దాని మేలునకును కీడునకును మూలము. 1844లో గవర్నరు జనరలు హార్డింజి, ఆంగ్లవిద్య నేర్చినవారికి ప్రభుత్వోద్యోగములలో మొగ్గు చూపవలెనని తీర్మానించెను. 1854లో చార్లెసు వుడ్డు పంపిన విద్యాపత్రము విశ్వవిద్యాలయములను నెలకొల్పుమని చెప్పినది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. వాటికి మాదిరి ఆనాటి లండను విశ్వవిద్యాలయము. అవి పాఠములు చెప్పు సంస్థలు కావు. చదువు కళాశాలలో జరిగెడిది. విశ్వవిద్యాలయము పరీక్ష పెట్టి పట్టమిచ్చెడిది. బోధన కూడ విశ్వవిద్యాలయము పని యని 1904 నాటి చట్టము గుర్తించువరకు అర్ధశతాబ్దము గడచినది. ఉద్యోగము కొరకు పరీక్ష, పరీక్ష కొరకు చదువు అను వరుస ఆ విధముగ పునాదిలోనే పడినది. నేటికిని పట్టపుచదువు చదువువారిలో అత్యధికులు అనుబంధకళాశాలలలోనే ఉన్నారు. ప్రశ్నపత్రము ఎక్కడినుండియో వచ్చును. పాఠము చెప్పినవానికి ప్రశ్నవేయు స్వాతంత్ర్యము లేదు. ప్రశ్నవేసినవానికి విద్యార్థి ముఖము తెలియదు. ఈ ఎడములోనే గైడుపుస్తకము వచ్చి కూర్చున్నది.

అయినను ఆ తొలి పట్టభద్రుల చరిత్ర పరిశీలింపదగినది. 1858లో కలకత్తా విశ్వవిద్యాలయపు తొలి బి.ఏ. పరీక్షలో నెగ్గినవారు ఇద్దరే. వారిలో ఒకరు బంకించంద్ర చట్టోపాధ్యాయుడు. వారికి సయితము ఒక విషయమున కొన్ని మార్కులు దయతో కలుపవలసివచ్చెను. ఆ యేడే బంకించంద్రునకు డిప్యూటీ మేజిస్ట్రేటు పదవి లభించినది. పట్టము ఆయనకు ఇచ్చినది ఉద్యోగము. 1865లో వెలువడిన 'దుర్గేశనందిని' మొదలుగా వంగనవలకు ఆయన పోసిన ప్రాణము ఏ పరీక్షాఫలితమును కాదు. మద్రాసులో అదే కాలమున తొలి బి.ఏ.లైన ఇద్దరిలో ఒకరు యాళ్పాణమునుండి వచ్చిన దామోదరం పిళ్ళై. ఆయన ఉద్యోగము చేసికొనుచునే తాళపత్రముల వెంటబడి, 1885లో 'తొల్కాప్పియము' పొరుళధికారమును, 1887లో 'కలిత్తొగై'ని అచ్చువేయించెను. ప్రాచీన తమిళసాహిత్యము చెదలపాలు కాకుండ నిలిచిన కథలో ఆయన పేరు చిరస్థాయి. ఇరువురికిని పట్టము అన్నము పెట్టినది. ఇరువురును పట్టమందిన పిదపనే నిజమైన చదువు సాగించిరి. స్నాతకుడను మాటకు వారి జీవితములే వ్యాఖ్యానము.

పట్టములేని మహాపండితుల నుదాహరించి పట్టమును చులకన చేయువారు కొందరు కలరు. కందుకూరి వీరేశలింగము పంతులు బి.ఏ. కాదు, అయినను రాజమహేంద్రవరములోను, మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను తెలుగు బోధించెను. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారికి ఏ విశ్వవిద్యాలయమును పరీక్షపెట్టలేదు. ఆయన శిష్యులలో విశ్వనాథవారివంటి మహాకవులు వెలసిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు సవరలనడుమ తిరిగి వారి భాష నేర్చి, ఆ భాషకు 1931లో వ్యాకరణగ్రంథమును, 1938లో నిఘంటువును సమకూర్చెను. అట్టి పనికి ఆనాడు ఏ విశ్వవిద్యాలయమునందును పాఠ్యక్రమమే లేదు. ఈ మాటలన్నియు నిజములే. కాని వీరందరును అసామాన్యులు. అసామాన్యుని తూనికరాయిగా పెట్టి సామాన్యుని తూచుట న్యాయము కాదు. పైగా పట్టమక్కరలేదని సభలలో ఉపన్యసించువారిలో పలువురు తమ పట్టములను భద్రముగా పెట్టెలో దాచుకొన్నవారే. తమ పిల్లలకు పట్టము వలదని వారు చెప్పరు.

ఇంటిలో మొదటిసారిగా కళాశాలగడప తొక్కిన పిల్లకు పట్టము చులకనైన వస్తువు కాదు. ఆమె తల్లికి వ్రేలిముద్రయే సంతకము. తండ్రికి పొలము లేదు. పెద్దల పలుకుబడి, బంధువుల సిఫారసు ఆమెకు లేవు. ఊరు కులమడుగునపుడు, పెండ్లివారు కట్నమడుగునపుడు, ఆఫీసులో గుమాస్తా కన్నెత్తి చూడనపుడు, 'నేనింత చదివితిని' అని చూపుటకు ఆమె చేతిలోనున్నది ఆ కాగితమొక్కటే. 1883లో కాదంబినీ గంగూలీ, చంద్రముఖీ బసు కలకత్తా విశ్వవిద్యాలయమునుండి ఈ దేశపు తొలి మహిళా పట్టభద్రులైనపుడు, మూసియున్న తలుపు ఒకటి తెరువబడినది. 1982లో హైదరాబాదున దేశములోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపితమై, బడిచదువు నడుమ ఆగిపోయినవారికి ప్రవేశపరీక్ష ద్వారమున పట్టపుచదువునకు దారి చూపినపుడు మరియొక తలుపు తెరువబడినది. కూలిపనివారు, గృహిణులు, చిన్న ఉద్యోగులు ఆ దారిని నడచిరి. పట్టమును నిందించువారు ఈ తలుపులను మరచిపోరాదు. అదే కారణమున, ఆ కాగితమును వట్టి కాగితము చేయుట పేదలకు చేయు ద్రోహములలో నెల్ల పెద్దది. ధనవంతుని బిడ్డకు పట్టము డొల్లయైనను వేరు దారులున్నవి. పేదవాని బిడ్డకు అదియే దారి. అది డొల్లయైన దినమున ఆమె మోసపోయినట్లే.

పట్టమునకును ఉద్యోగమునకును గల ముడిని విప్పవలెనని పెద్దలు చెప్పకపోలేదు. 1931 నుండి 1936 వరకు ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షుడైన సర్వేపల్లి రాధాకృష్ణపండితుని అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, ప్రభుత్వపు పరిపాలనోద్యోగములకు పట్టము అవసరమను నియమము ఉండరాదనియు, ప్రత్యేకపరీక్షలు పెట్టి అందరిని వ్రాయనీయవలెననియు సిఫారసు చేసినది. 1986 నాటి జాతీయవిద్యావిధానము కూడ కొన్ని రంగములలోనైన ఈ రెండింటిని వేరుచేయ నారంభింతుమని చెప్పినది. నేడును సివిలు సర్వీసులకు, రెండు తెలుగురాష్ట్రములలోని గ్రూపు-1, గ్రూపు-2 ఉద్యోగములకు పట్టమే తొలి అర్హత. ఏ విషయమైనను సరే, ఏ శ్రేణియైనను సరే, పట్టమున్న చాలును. ఆ తరువాత వేరే పరీక్ష యుండనే యున్నది. వేరే పరీక్షయే యోగ్యతను తేల్చునపుడు, మూడేండ్ల చదువు వాకిట చూపు చీటీగా మిగులుటలో ఆశ్చర్యము లేదు. చీటీ కొరకు చదువువాడు చీటీకి కావలసినంతయే చదువును.

మరి చదువుగా పట్టము అర్థమేమి? లెక్కలోనే చూడవచ్చును. నిధుల సంఘము 2022లో ప్రకటించిన పాఠ్యక్రమ ప్రణాళిక ప్రకారము మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సునకు 160 క్రెడిట్లు కావలెను. ఒక క్రెడిట్టునకు పదునైదుగంటల పాఠము. అనగా మూడేండ్ల పట్టమునకు వెనుక 1800 గంటలకు తగ్గని బోధన ఉండవలెను. ప్రయోగశాలలో గడపుకాలము దీనికి అదనముగా పెరుగును. 1800 గంటలు స్వల్పము కావు. ఒక మనిషి యొక విద్యలో మంచిపునాది వేసికొనుటకు అవి చాలును. వాటిలో నిజముగా జరిగిన పాఠములెన్ని, విద్యార్థి తరగతిలో కూర్చున్నవెన్ని, కూర్చున్నపుడు అతని మనస్సు అక్కడ ఉన్నవెన్ని అని ప్రతి కళాశాలయు తన్నుతాను ప్రశ్నించుకొనవలెను. హాజరుపట్టికలో నిండి, తరగతిలో నిండని గంటలకు విశ్వవిద్యాలయము వేయు ముద్ర అబద్ధపు సాక్ష్యమే యగును.

ఆ గంటలు నిండినపుడు విద్యార్థికి మూడు శక్తులు రావలెను. మొదటిది, ఒక విషయము లోనికి దిగుట. చరిత్ర చదివినవాడు రాజుల తేదీలు అప్పగించుటతో ఆగరాదు. ఒక శాసనమును చూపినపుడు, దీనిని వేయించినవాడెవడు, ఎవరికొరకు, ఇందు చెప్పనిదేమి అని అడుగవలెను. రసాయనశాస్త్రము చదివినవాడు తన ఊరి బావినీటిలో ఫ్లోరైడు ఉన్నదో లేదో యెట్లు తెలిసికొనవలెనో చెప్పగలగవలెను. తెలుగు చదివినవాడు ఎన్నడు చూడని పద్యమును ముందుంచినను, నిఘంటువు దగ్గర పెట్టుకొని తానుగా అన్వయించుకొనవలెను. రెండవది, తెలిసినదానికిని తెలియనిదానికిని ఎల్ల తెలియుట. చేతిలోని ఫోనులో క్షణమునకొక వార్త వచ్చిపడు ఈ కాలమున, ఇది నిజమా, దీనికి ఆధారమేది అని నిలిచి అడుగగలవాడే చదివినవాడు. మూడవది, తన తలపును తన మాటలలో పదిమందికి తెలియునట్లు వ్రాయుట, పలుకుట. ఈ మూడును ఉన్నవానికి పరీక్షలో తక్కువ మార్కులు వచ్చినను పట్టము నిజము. ఈ మూడును లేనివానికి బంగారుపతకము వచ్చినను పట్టము అప్పుతెచ్చుకొన్న వస్త్రము.

మూడవ శక్తివిషయమున తెలుగునాట ప్రత్యేకమైన చిక్కు కలదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో పైచదువులు చెప్పుటకు పూనుకొన్నపుడు, అంతకుముందే అనువాదశాఖ నొకదానిని ఏర్పరచి శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెప్పించినది. అక్కడ ఎక్కువమంది ప్రజల యింటిభాష ఉర్దూ కాదనుట నిజమే. ఐనను దేశభాషలో పట్టపుచదువు చెప్పవచ్చునని ఆ ప్రయత్నము చూపినది. తెలుగులో ఆ కొరత తీర్చుటకు 1968లో తెలుగు అకాడమి స్థాపితమై పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను వెలువరించినది. నేడు పిల్లలు ఆంగ్లమాధ్యమమువైపు మొగ్గుచున్నారు. ఉద్యోగముల దృష్ట్యా అది అర్థము కాని కోరిక కాదు. కాని ఆంగ్లములో అర్థముకాని వాక్యమును కంఠస్థముచేసి, తెలుగులో అదే సంగతిని ఇంటివారికి వివరింపలేని పట్టభద్రుడు ఏ భాషలోను చదువుకొన్నవాడు కాడు. ఏ మాధ్యమమున చదివినను, తాను చదివినదానిని తన తల్లికి బోధపడునట్లు తెలుగులో చెప్పగలుగుట పట్టమునకు తొలి పరీక్ష కావలెను.

2020 నాటి జాతీయవిద్యావిధానము పట్టపుచదువునకు నడుమ నడుమ దిగుటకు మెట్లు కట్టినది. ఒక సంవత్సరము చదివినవానికి సర్టిఫికెట్టు, రెండేండ్లు చదివినవానికి డిప్లొమా, మూడేండ్లకు పట్టము, నాలుగేండ్లకు ఆనర్సు. ఇంటి కష్టములచేత చదువు మానినవాడు వట్టిచేతులతో పోవలసిన దుస్థితి దీనివలన తప్పును. తిరిగివచ్చు అవకాశమును కలదు. అది మంచిదే. అయితే దిగుటకు మెట్లున్నంత మాత్రమున దిగిపొమ్మని యెవరును ప్రోత్సహింపరాదు. మొదటి యేట దిగిపోవువారు పేదలు, ఆడపిల్లలు మాత్రమే అయినచో, ఆ మెట్లు సౌకర్యము పేరిట వచ్చిన వడపోతలగును. ఎవరు, ఎందుచేత దిగిపోవుచున్నారో కళాశాలలు కనిపెట్టి చూడవలెను.

చేయవలసినపని అసాధ్యమైనది కాదు. పాఠశాలల ఉపాధ్యాయులు పదవతరగతి పిల్లలకు, ఏ పరీక్షకు ఎన్ని మార్కులని చెప్పుటతోపాటు, పట్టపుచదువనగా నేమి, అందులో నేర్చుకొనవలసినదేమి అని ఒక గంట చెప్పవలెను. ఇంటిలో చెప్పువారు లేని పిల్లలకు ఆ గంట జీవితకాలపు దారిబత్తెము. కళాశాలలో చేరబోవు విద్యార్థి మొదట ఆ సంస్థ ఏ విశ్వవిద్యాలయమునకు అనుబంధమో, ఆ విశ్వవిద్యాలయము నిధుల సంఘపు పట్టికలో ఉన్నదో లేదో చూచుకొనవలెను. ఆ సంఘము బూటకపు విశ్వవిద్యాలయముల పేర్లను కూడ ప్రకటించుచున్నది. చేరిన పిమ్మట ఏటికొక మంచిగ్రంథమునైన మొదటిపుట నుండి చివరిపుట వరకు చదివి, దానిపై నాలుగుపుటలు తన మాటలలో వ్రాయవలెను. అధ్యాపకులు ఆ నాలుగుపుటలను చదివి దిద్దవలెను. విశ్వవిద్యాలయములు ప్రశ్నపత్రములో ఒక్కప్రశ్నయైన గైడులో జవాబు దొరకనిదిగా ఉంచవలెను. వీటిలో దేనికిని కొత్తచట్టమక్కరలేదు. కొత్త భవనమును అక్కరలేదు.

పట్టమిచ్చునపుడు విశ్వవిద్యాలయము సమాజమునకు ఒక మాట ఇచ్చుచున్నది: ఈ వ్యక్తి ఇంత చదివెను, ఇక తానుగా చదువగలడు అని. ఆ మాట నిజమైనంతకాలము, కూలివాని కూతురు చేతిలోని కాగితమునకును జమీందారు కొడుకు చేతిలోని కాగితమునకును విలువ ఒక్కటియే. ఆ మాటను నిలుపుకొనుట పాఠము చెప్పువారికిని, పాఠము వినువారికిని సమానమైన బాధ్యత.